మా జిల్లాకు సముద్రం వచ్చింది

మా చిత్తూరు జిల్లాలో కొండలున్నాయి. ఏళ్లున్నాయి, వానలు బాగా కురిసిన ఏడు వాటిలో నీళ్లు కూడా ఉంటాయి. దేవుళ్లకు బొత్తిగా కొదవ లేదు. లేనిదల్లా సముద్రం ఒక్కటే. 1911లో జిల్లా ఏర్పడినప్పుడు ఉత్తరార్కాడు నుంచి కొంతా, కడప నుంచి కొంతా తెచ్చి అతికారు గాని, సముద్రం ఉన్న ముక్క ఎవరూ ఇవ్వలేదు. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయి, అందుకు బదులుగా సత్యవేడు ప్రాంతం మనకు వచ్చింది. అప్పుడైనా మన సరిహద్దు సముద్రం వైపు నాలుగడుగులు వేసినట్టే వేసి, మొహమాటపడి ఆగిపోయింది.

చివరకు 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. అంతవరకు నెల్లూరు జిల్లాలో ఉండిన సూళ్లూరుపేట ప్రాంతం మాతో కలిసింది. దానితో పాటు పులికాట్ సరస్సు, అందులోని దీవులు, అవతల శ్రీహరికోట, దాని అవతల బంగాళాఖాతం, అన్నీ ఒక్క ఉత్తరువుతో మావైపోయాయి.

ఆనాటి పేపరు చదివి వినిపిస్తే మా అమ్మ చేస్తున్న పని ఆపి అడిగింది.

“ఒరే నాయనా, అయితే సముద్రం ఇప్పుడు మన జిల్లాలోనే ఉండాదా?”

“ఔనమ్మా.”

“అట్లయితే దాన్ని చూసేదానికి రామేశ్వరం దాకా పోవాల్సిన పని లేదు గదా?”

అమ్మకు డెబ్భై రెండేళ్లు. కొండెక్కి స్వామిని ఎన్నిసార్లు దర్శించుకుందో లెక్క లేదు గాని, సముద్రాన్ని మాత్రం సినిమాల్లో తప్ప చూడలేదు. “వచ్చే సెలవుల్లో తీసుకుపోతా” నన్నాను. వచ్చే సెలవులు వచ్చాయి, పోయాయి. మేష్టర్లకు సెలవులు చాలా ఎక్కువ గనుక, ఏ పనీ ఏ సెలవుల్లోనూ జరగదు.

ప్రయాణం 2024 జనవరి ఆఖరులో పడింది. అమ్మ కోరిక తీర్చడానికని ఇంట్లో చెప్పాను. అది అబద్ధం కాదు. కాని పూర్తి నిజమూ కాదు. ఆ మిగతా నిజం ఇప్పుడు చెబుతున్నాను.

నేను తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. సోమవారం మొదటి పీరియడు నాదే. పది గంటలకు హాజరు పిలవడం, పిలవగానే తలుపు మూయించడం నాకు అలవాటు. అది క్రమశిక్షణ అని నా అభిప్రాయం. చివరి బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి మంగళవారం నుంచి శనివారం దాకా అందరికంటే ముందు వచ్చేది. సోమవారం మాత్రం నా క్లాసులో కనిపించేది కాదు. నెలల తరబడి ఆ పేరుకెదురుగా సున్నాలు చుడుతూ వచ్చాను.

ఒక సోమవారం పదిన్నరకు ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడింది. భుజాన సంచి, చెదిరిన జుట్టు. చుడీదారు అంచులు తడిసి ఉన్నాయి. కాళ్లకు బురద ఎండి తెల్లగా పొలుసులు కట్టింది. అప్పుడు నేను మంచి ఊపులో పద్యం వివరిస్తున్నాను. నోటి దురద ఊరుకోనిచ్చింది కాదు.

“ఏ ద్వీపాంతరం నుంచి రాకడ తల్లీ?” అన్నాను.

క్లాసంతా గొల్లుమంది.

“దీవి నుంచే సార్” అంది ఆ అమ్మాయి మెల్లగా.

ఎదురు సమాధానం చెబుతోందనుకున్నాను. “బయటికి నడు” అన్నాను. వెళ్లిపోయింది. ఆ వారమంతా రాలేదు.

శనివారం నాడు ఆఫీసులో హాజరు తక్కువైన వారి జాబితా తయారుచేస్తూ గుమాస్తా ఆ పేరు చదివాడు. నూటికి డెబ్భై అయిదు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. చిరునామా చూశాను: ఇరకం, తడ మండలం. అటువైపు నుంచి వచ్చిన అటెండరు ఒకతను పక్కనే ఉన్నాడు.

“ఇరకమా సార్? అది దీవి గదా. పులికాట్ నడిమిట్లో. పడవలోనే పోవాల” అన్నాడు.

ద్వీపం అనే మాటకు వ్యుత్పత్తి ఎం.ఏ.లో చదువుకున్నాను, రెండు వైపులా నీళ్లు గలది అని. రెండు వైపులా నీళ్లున్న మనిషి పది గంటలకు ఎట్లా రావాలన్నది మాత్రం ఆ వ్యుత్పత్తిలో లేదు. పైగా ఆ సరస్సుకు తెలుగువారు పెట్టుకున్న పేరు ప్రళయకావేరి. స.వెం. రమేశ్ గారి ‘ప్రళయకావేరి కథలు’ చేతపట్టుకుని, అక్కడి దీవుల పలుకుబడి ఎంత అందమైనదో ఇదే క్లాసులో గంటసేపు పొగిడిన మహానుభావుణ్ణి నేను. అప్పుడు ఆ దీవి మనిషి చివరి బెంచీలో కూర్చుని వింటూనే ఉంది.

మరుసటి సోమవారం కూడా ఆ అమ్మాయి రాలేదు. ఆ వారాంతంలోనే “అమ్మా, సముద్రానికి పోదాం” అన్నాను. మా ఆవిడ నావైపు అనుమానంగా చూసింది. అడగకుండా ఎక్కడికైనా తీసుకువెళతానంటే ఆడవాళ్లకు అనుమానం రావడం సహజమే.

శనివారం ఉదయం బయలుదేరాము. నేను, అమ్మ, మా ఆవిడ, పన్నెండేళ్ల మావాడు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, అక్కడి నుంచి నాయుడుపేట, అక్కడ చెన్నై రోడ్డు పట్టుకుని దక్షిణంగా తిరిగితే సూళ్లూరుపేట. అంతా కలిపి సుమారు తొంభై కిలోమీటర్లు. రైలులోనైతే గూడూరు మీదుగా చుట్టుతిరిగి రావాలి. చెన్నై నుంచి వచ్చేవారికి ఈ చిక్కు లేదు, సూళ్లూరుపేట దాకా లోకల్ రైళ్లున్నాయి. నాయుడుపేట దాటిన తరువాత నేల రంగు మారింది. మా ఎర్రనేలలు, బండరాళ్లు వెనకబడి, పల్లపు పొలాలూ తాటిచెట్లూ వచ్చాయి. అమ్మ కిటికీలోంచి ముక్కు బయటపెట్టి, “ఉప్పు వాసన వస్తాండాది” అంది. అప్పటికి సముద్రం ఇంకా చాలా దూరం.

సూళ్లూరుపేటలో కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది. ఆ గుడికి తలుపులు వేయరు. వెనుక ఎప్పుడో తలుపులు చేయించబోతే అమ్మవారు వద్దన్నదని చెప్పుకుంటారు. రాకెట్టు ప్రయోగం ముందు పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు కూడా ఇక్కడికి వచ్చి దణ్ణం పెట్టుకుని పోవడం రివాజు. మా ఆవిడ ఆ సంగతి విని, “తలుపు మూయని గుడి, ఎంత బాగుంది!” అంది. ఆమెకేమీ తెలియదు. అయినా పది గంటలకు తలుపు మూయించే నాకు ఆ మాట సూటిగా తగిలింది.

ఊళ్లోంచి శ్రీహరికోటకు సుమారు పద్దెనిమిది కిలోమీటర్ల రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. ఆటో మాట్లాడుకుని వెళ్ళాము. రెండు పక్కలా నీళ్లు, నీళ్లు పలచబడిన చోట తెల్లని ఉప్పు చారలు. చిలికా తరువాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదేనంటారు. పేరుకు సరస్సే గాని లోతు లేదు. చాలాచోట్ల మనిషి నిలబడవచ్చు. కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు తెచ్చి పోస్తాయి. ఇసుకతిన్నెల మధ్య సందులగుండా సముద్రం ఉప్పునీళ్లు పోస్తుంది. ఆ సందును ఇక్కడివాళ్లు ‘మొగ’ అంటారు. మొగ తెరిచి ఉంటే సరస్సులో చేపా రొయ్యా పెరుగుతాయి. ఇసుక పూడి మొగ మూసుకుంటే బెస్తవాళ్ల పొయ్యిలో పిల్లి లేవదు.

అటకానితిప్ప దగ్గర ఆటో ఆపాడు. తిప్ప అంటే చుట్టూ నీళ్లున్న మెరక. అక్కడి నుంచి చూస్తే దూరాన నీళ్లమీద ఎవరో లేత గులాబీరంగు పంచె ఆరవేసినట్టుంది. అది పంచె కాదు, పక్షులు. ఫ్లెమింగోలు. వాటిని మనవాళ్లు రాజహంసలంటారు. గుజరాత్‌లో కచ్ రణ్ నుంచి ఇంతదూరం వస్తాయి. సన్నని కాళ్లమీద నిలబడి, తల కిందులుగా ముంచి, బురదనీళ్లను ముక్కుతో వడగట్టి చిన్న చిన్న రొయ్యలనూ నాచునూ తింటాయి. ఆ తిండి వల్లనే వాటికి ఆ రంగు. ఇది విని మావాడు, “అయితే బామ్మా, మనం రొయ్యలు తింటే గులాబీరంగు వస్తామా?” అన్నాడు. “మీ నాయనకు కోపం వచ్చినప్పుడు వచ్చే రంగు చాల్లే” అంది అమ్మ.

రోడ్డు చివర గేటు. గేటుకు అవతల రాకెట్ కేంద్రం. 1969లో ఈ చోటును ఎంచుకున్నారు. 1971 అక్టోబరులో ఇక్కడి నుంచి రోహిణి అనే చిన్న రాకెట్టు మొదటిసారి ఎగిరింది. 2002లో దానికి సతీశ్ ధవన్ గారి పేరు పెట్టారు. మొన్నటి చంద్రయాన్-3 కూడా 2023 జులై 14న ఇక్కడి నుంచి వెళ్లిందే. ప్రయోగం జరిగేనాడు ముందుగా పేరు నమోదు చేసుకున్నవారిని చూడనిస్తారు. 2019 నుంచి అందుకు గ్యాలరీ ఉంది. మామూలు రోజున పాసు లేనిదే లోపలికి పోరాదు. సముద్రం ఆ లోపలి పక్కన ఉంది.

అమ్మ గేటు వైపు చూసి, “చంద్రుడి కాడికి పోయేదానికి దావ ఉండాది, సముద్రం కాడికి లేదా?” అంది.

“వాకాడు వైపు తూపిలిపాలెం పోతే సముద్రం చూడవచ్చు” అన్నాడు ఆటో అతను. అమ్మ ఆశగా నావైపు తిరిగింది. “రేపు పడవలో పోదామమ్మా, అదింకా బాగుంటుంది” అన్నాను. అప్పుడు మా ఆవిడ అడిగింది.

“ఏమండీ, ఇంతకీ ఆ దీవిలో ఎవరున్నారు?”

ఆ రాత్రి లాడ్జిలో చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. “ఆ మాట అననే అన్నారా మీరు?” అని మాత్రం అంది.

ఆదివారం ఉదయం బస్సులో తడ వెళ్లి, అక్కడ ఆటో ఎక్కి భీమునివారిపాలెం రేవు చేరాము. ఇరకం వెళ్లే పడవలో జనం అప్పటికే ఎక్కి ఉన్నారు. మనుషులతో పాటు బియ్యం బస్తాలు, గ్యాసు సిలిండర్లు, ఒక మేక, కొత్త కుర్చీలు, ఒక పసిబిడ్డ, మందుల సంచి. దీవిలో ఏది కావాలన్నా పడవ ఎక్కి రావలసిందే. మేము వెళ్ళిన నాటికి అక్కడికి వంతెన లేదు. పడవ నడిపే పెద్దాయన అమ్మకు చెయ్యి అందించి, నన్ను చూసి, “మీరు ఏం పని సామీ?” అన్నాడు. చెప్పాను. “అయివోరా? అయితే నడిమిట్లో కూచోండి. పక్కకు వొరిగితే పడవకు కూడా పాఠం చెప్పాల్సి వస్తాది” అన్నాడు.

ఇంజను కొంతదూరం కొట్టుకుంది. నీళ్లు పలచబడగానే దాన్ని ఆపి, పెద్దాయన గెడ అందుకున్నాడు.

“ఇక్కడ లోతెంత?” అన్నాను.

“నడుములోతే అయివోరూ. అయితే మునిగేదానికి నడుములోతు చాలు.”

చుట్టూ ఎటు చూసినా నీళ్లే. దక్షిణాన ఈ సరస్సు చివర తమిళనాడులో ఒక ఊరుంది. తమిళులు దాన్ని పళవేర్కాడు అంటారు. విదేశీయుల నోట అదే పులికాట్ అయింది. 1613లో డచ్చివారు అక్కడ గెల్డ్రియా అనే కోట కట్టుకున్నారు. కోరమండల్ తీరంలో వాళ్ల వ్యాపారానికి చాలాకాలం అదే ముఖ్యస్థానం. అక్కడి నుంచి బట్టలు ఓడలకెక్కి తూర్పు దీవులకు పోయేవి. ఇప్పటికీ మలయా దేశంలో గళ్లలుంగీని ‘పెలికాట్’ అంటారు. ఊరి పేరు సముద్రాలు దాటిపోయింది. ఊరి పక్క దీవి పేరు మాత్రం తిరుపతిలో తెలుగు మేష్టరు దాకా రాలేదు.

ఇటలీలో వెనిస్ నగరం కూడా ఇటువంటి ఉప్పునీటి సరస్సులోనే ఉంది. ఏడ్రియాటిక్ సముద్రానికీ ఆ సరస్సుకూ మధ్య కూడా శ్రీహరికోట వంటి ఇసుకదీవులే అడ్డం. అక్కడ మురానో, బురానో అనే దీవులకు మన బస్సుల వలె పడవలు తిరుగుతాయి; రేవు రేవునా వేళల పట్టిక అంటించి ఉంటుంది. దాన్ని చూడడానికి ప్రపంచమంతా డబ్బు ఖర్చుపెట్టుకుని వెళుతుంది. మన పడవకు వేళలు ఎక్కడ రాసి ఉన్నాయని పెద్దాయనను అడిగాను. ఆయన గెడ పైకెత్తి గాలివైపు చూపించాడు.

అమ్మ పడవ అంచున వంగి, దోసిట నీళ్లు తీసుకుని నాలుక మీద వేసుకుంది. ముఖం చిట్లించి, నవ్వి, “ఉప్పగా ఉండాది. ఇదే సముద్రం” అంది. అందులో కొంత నిజం ఉందని మా ఆవిడ ఒప్పుకుంది.

గంట దాటిన తరువాత దీవి చేరాము. ఇసుకదారులు, వేపచెట్లు, ఆరవేసిన వలలు. ఒక మాట తెలుగు, ఒక మాట అరవం కలిపి మాట్లాడుకుంటున్న మనుషులు. అడుగుతూ అడుగుతూ ఇల్లు చేరుకున్నాము. ఆ అమ్మాయి వాకిట్లో గిన్నెలు తోముతోంది. నన్ను చూసి మసిచేతులతోనే లేచి నిలబడింది.

“ఎవురే?” అని లోపలి నుంచి ముసలిగొంతు.

“మా సారు, నాయనమ్మా.”

దారి పొడుగునా మంచి మాటలు కూర్చుకుని వచ్చాను. ఒక్కటీ నోట పలకలేదు. “ఈ వారం రాలేదేమ్మా?” అన్నాను, హాజరు పిలిచినట్టుగా.

“నాయనమ్మకు చక్కెర జబ్బు సార్. వారానికి సరిపడా మందులు శనివారం నేనే తెస్తా. ఈ తడవ బాగా తగ్గలేదు. అందుకని నిలిచిపోయినా.”

“ఆదివారం సాయంత్రం తిరిగి రాకూడదా?”

“గాలి ఉంటే సాయంత్రం పడవ పోదు సార్. సోమవారం తెల్లారి పడవే.”

“నేనన్న మాటకు కోపం వచ్చిందేమో ననుకున్నాను.”

ఆ అమ్మాయి తల దించుకుంది. “కోపం కాదు సార్. సిగ్గేసింది. ఆలస్యమైతాదని ఉరికి వచ్చినా. కాళ్లు కడుక్కొని రావాల్సింది.”

నేను ఏం చెప్పగలను? ఇరవయ్యేళ్ల నుంచి పాఠాలు చెబుతున్నాను. ఆ క్షణాన నాకు తెలిసిన తెలుగంతా ఎటో పోయింది. “తప్పు నాదమ్మా” అన్నాను. అది మూడు మాటల వాక్యం. అంతకంటే కష్టమైన వాక్యం నేనెప్పుడూ రాయలేదు.

ముసలామె మంచం మీద నుంచి లేచి కూర్చుంది. అయివోరు చేపలు తింటారో లేదోనని మనవరాలి చేత గుసగుసగా అడిగించింది. మా అమ్మ శనివారం తప్ప అన్నీ తింటుంది. ఆరోజు ఆదివారం. రొయ్యల పులుసు, ఎండ్రకాయల కూర. మావాడు తిని తిని, అద్దంలో రంగు చూసుకున్నాడు.

మూడు గంటలకు రేవుకు వెళితే పెద్దాయన పడవను గుంజకు కడుతున్నాడు. తూర్పుగాలి లేచింది. తెల్లవారి చూసినది అద్దంలాంటి నీరు. ఇప్పుడు చిన్న చిన్న అలలు పళ్లు బయటపెట్టి నవ్వుతున్నాయి.

“రేపు తెల్లారే” అన్నాడు.

“రేపు పది గంటలకు నాకు క్లాసు ఉంది” అన్నాను.

“ఆ పాపకూ ఉండాది గదా” అన్నాడు పెద్దాయన మామూలుగా.

ఆ రాత్రి దీవిలోనే. ఆ అమ్మాయి చాపలు పరిచింది. ఇద్దరు ముసలమ్మలూ వాకిట్లో కూర్చుని తెల్లవార్లూ మాట్లాడుకున్నారు. ఈమె కొండమీది ఉత్సవాలు చెప్పింది. ఆమె తన తండ్రి కాలం చెప్పింది. శ్రీహరికోట అడవి కట్టెలు పడవలకెక్కించి, సరస్సు దాటి, బకింగ్‌హాం కాలువలో చెన్నపట్నం పోయేవారట. ఆ పట్నంలో ఎన్నో పొయ్యిలు ఇక్కడి కట్టెలతోనే మండేవి. తరువాత లారీలు వచ్చాయి, రైళ్లు వచ్చాయి, కాలువ పూడిపోయింది. “అప్పుడు మేము పట్నానికి దగ్గిర. రోడ్లు వచ్చినాక దూరమైపోయినాం” అంది ఆమె. ఆ మాట నేను చీకట్లో పడుకుని విన్నాను. “రాకెట్టు పోయేది మాత్రం ఈ వాకిట్లో నుంచే బాగా కనపడతాది. ఇల్లంతా అదురుతాది” అని కూడా అంది.

సోమవారం తెల్లవారుజామున మంచులో బయలుదేరాము. మాతోపాటు ఆ అమ్మాయీ ఉంది. నాయనమ్మను పక్కింటివారికి అప్పజెప్పి వచ్చింది. సగం దూరంలో పడవ బురదలో కూరుకుపోయింది. “మొగోళ్లు దిగండి” అన్నాడు పెద్దాయన. ప్యాంటు మడుచుకుని దిగాను. పిక్కల దాకా బురద, మోకాలి దాకా నీళ్లు. నేను ఒకవైపు, ఎవరో కుర్రవాడు ఒకవైపు పట్టి తోశాము. అలవాటు కొద్దీ ఆ అమ్మాయి కూడా దిగి భుజం ఆనించింది.

రేవు నుంచి ఆటో. తడలో బస్సు ఒకటి కళ్లముందే వెళ్లిపోయింది. తరువాతి బస్సు, మళ్లీ మరొకటి. తిరుపతిలో ఇంటివాళ్లను దింపి కాలేజీ చేరేసరికి పదకొండున్నర. కాళ్లు చూసుకున్నాను. బురద ఎండి తెల్లగా పొలుసులు కట్టింది. అది ఉప్పు అని అప్పుడు తెలిసింది.

గోడనున్న యంత్రం మీద వేలు పెట్టాను. ఆలస్యమని రాసుకుంది. ఎందుకయిందని అడగలేదు. యంత్రాన్ని అని లాభమేమిటి? మనిషినై ఉండి నేను మాత్రం అడిగానా?

ఆ రోజే అర్థశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి బతిమాలి సోమవారం మొదటి పీరియడు అతనికిచ్చి, మధ్యాహ్నం పీరియడు నేను తీసుకున్నాను. అతనికి కూడా కథంతా చెప్పాను గనుక, పదకొండింటికి వచ్చినా లోపలికి రానిచ్చేవాడు. జరిగిపోయిన సున్నాలను దిద్దడానికి వీల్లేదు. అందుకని ముసలామె వైద్యం కాగితాలు జతపరచి, ఆ అమ్మాయి చేత అర్జీ పెట్టించి, తప్పులో నా వంతు ఎంతో వేరే కాగితం మీద నేను రాసి ఇచ్చాను. రుసుము కట్టించుకుని పరీక్షకు అనుమతించారు. ఆ అమ్మాయి పరీక్ష రాసింది, తెలుగులో మంచి మార్కులే తెచ్చుకుంది. అవి నేను వేసినవి కావు సుమండీ, పేపర్లు దిద్దింది వేరేవాళ్లు.

మీలో ఎవరైనా ఆ వైపు వెళ్ళదలిస్తే, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్ళండి. పక్షులుంటాయి, ఎండ ఉండదు. తాగడానికి మంచినీళ్లు వెంట తీసుకువెళ్ళండి. అన్నిటికంటే ముఖ్యం: దీవికి పోయే పడవ ఎప్పుడని ఎవరైనా చెబుతారు, తిరిగి వచ్చే పడవ ఎప్పుడో అడిగి మరీ ఎక్కండి. సోమవారం ఉదయం పది గంటలకు పని ఉన్నవారు ఆదివారం వెళ్ళకండి. అయితే, చేతిలో హాజరుపట్టీ ఉన్న నా వంటివాళ్లు మాత్రం ఒక్కసారైనా ఆదివారమే వెళ్ళి రావడం మంచిది.

అమ్మ ఇప్పుడు ఇంటికి వచ్చినవారందరికీ తాను సముద్రం చూశాననీ, నోట్లో వేసుకుని రుచి కూడా చూశాననీ చెబుతుంది. అది సరస్సమ్మా, సముద్రం కాదని మావాడు దిద్దబోతాడు. నేను వాడికి సైగ చేసి ఊరుకోమంటాను. ఇన్నాళ్లూ అందరి మాటలూ దిద్దడమే నా ఉద్యోగం అనుకున్నాను.